ఊపిరాడని వార్తలు

జూన్ 3, సోమవారం

ఆఫీసులో లిఫ్ట్ చెడిపోయింది. మా రేడియో స్టూడియో ఆరో అంతస్తులో ఉంది. ఉదయం బులెటిన్‌కి ఇంక కాస్తే టైము ఉందనగా గేటు దగ్గర దిగాను. మెట్లన్నీ పరుగున ఎక్కి, కుర్చీలో పడి, ఎర్ర లైటు వెలగగానే చదవడం మొదలుపెట్టాను. మొదటి వార్త జలాశయాల గురించి. నీటిమట్టం మామూలుగానే ఉందని, ప్రజలు ఆందోళన పడాల్సిన పని లేదని. ఆ రెండు వాక్యాలు చదవడానికి నేను పీల్చిన గాలితో ఒక లారీ టైరు నింపవచ్చు.

విన్నవాళ్ళకి వార్త అర్థం కాలేదు. ఆయాసం అర్థమైంది. డ్యూటీ రూముకి ఒకటే ఫోన్లు. సామాన్లు సర్దుకోవాలా అని ఒకరు, పిల్లల్ని మేడ మీదికి ఎక్కించేశాం ఇంకేం చేయమంటారు అని ఇంకొకరు. స్టేషన్ డైరెక్టర్ పిలిచి రికార్డింగ్ వినిపించారు. నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. ఎవరో బావిలో పడి కేకలు వేస్తున్నట్టుంది. ఈ ఏడాది చివరిదాకా చూస్తారట. అప్పటికీ ఇలాగే ఉంటే లైవ్ నుంచి తీసేసి ప్రకటనల సెక్షన్‌లో వేస్తారట. అక్కడ చదివేది ఎక్కువగా పురుగుమందుల గురించి.

నాకు నలభై ఆరేళ్ళు. బులెటిన్‌కీ బులెటిన్‌కీ మధ్య క్యాంటీన్ ఉంది. ఇంతకంటే వివరం అక్కర్లేదు.

జూన్ 4

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. అందుకని ఎవరి కష్టానికైనా ముందు మోతాదు చెబుతుంది. రోజూ పొద్దున పరుగు, ఆదివారం డబుల్ డోసు. నేర్పడానికి మనిషి కూడా సిద్ధం. వాళ్ళ నాన్న.

మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. పక్క వీధిలో ఒక్కరే ఉంటారు. అత్తగారు పోయి రెండేళ్ళవుతోంది. అప్పటినుంచి ఆయన పగలంతా టీవీ ముందు కూర్చుంటారు. టీవీకి సౌండు ఉండదు. రాత్రి భోజనానికి మా ఇంటికి వస్తారు, తింటారు, వెళ్తారు. ఆయన ఎలాగూ ఒప్పుకోరన్న ధైర్యంతో నేను సరేనన్నాను.

జూన్ 5

ఒప్పుకున్నారు.

జూన్ 9, ఆదివారం

మునిసిపల్ గ్రౌండు. మామగారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెడలో విజిల్. ఈ రెండేళ్ళుగా మా ఇంట్లో తలొంచుకుని తినివెళ్ళే మనిషి కాదు. వెన్ను స్కేలు పెట్టి గీసినట్టుంది.

ఆయన ఇబ్బంది నాకు మొదటి రౌండులోనే అర్థమైంది. జీవితమంతా పిల్లల్ని ఒరేయ్, గాడిదా అంటూ పరిగెత్తించిన మనిషి. ఇప్పుడు ఎదురుగా ఉన్నది అల్లుడు. తిట్టకూడదు. తిట్టకుండా నేర్పడం ఆయనకి రాదు. అందుకని తిట్టు నోటిదాకా వచ్చాక దానికి మర్యాద తొడిగి వదులుతున్నారు. అల్లుడుగారూ, తమరు చేతులు బ్రహ్మాండంగా ఊపుతున్నారు, కాళ్ళు కూడా కదిపితే ఇంకా శోభగా ఉంటుంది అన్నారు. దయచేసి కూలబడకండి అన్నారు. నేను కూలబడ్డాక, తమరి చిత్తం అన్నారు. మాట బొత్తిగా దొరకనప్పుడు విజిల్ ఊదారు. ఒక్క విజిల్‌లో ఎంత తిట్టు పడుతుందో ఇవాళ తెలిసింది.

ఒక్క రౌండు కూడా పూర్తి కాలేదు.

జూన్ 12

కాళ్ళు నావి కావు. బులెటిన్ మధ్యలో తొడ పట్టేసి, మైకులో అబ్బా అన్నాను. అప్పుడు చదువుతున్నది షేర్లు పడిపోయిన వార్త కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

జూన్ 23, ఆదివారం

గ్రౌండులో ఏదో మీటింగట. రోడ్డు మీద పరిగెత్తాం. అంటే నేను పరిగెత్తాను, మామగారు స్కూటర్ మీద వెనకాల వచ్చారు. సర్కిల్ దగ్గర నేను నడక మొదలుపెట్టేసరికి విజిల్ ఊదారు. ఒక లారీ ఆగిపోయింది. డ్రైవర్ దిగి కాగితాలన్నీ తీసి చూపించాడు. మామగారు కాసేపు ఆలోచించి, కాగితాలు చూసి, సరిగ్గానే ఉన్నాయి వెళ్ళవయ్యా అన్నారు. ఈ రెండేళ్ళలో ఆయన అంత సంతోషంగా కనబడటం ఇదే మొదలు.

దారిలో ఒకావిడ నా ఆయాసం విని ఆగింది. మీరు ఆ నీళ్ళ వార్త చదివినాయన కదూ అంది. మొహం చూసి కాదు. ఆయాసం విని.

జూలై 7

మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తూనే నా పేరు ఏదో పరుగు పోటీకి ఆన్‌లైన్‌లో ఇచ్చేశానని చెప్పింది. నవంబర్‌లో. హాఫ్ మారథాన్. హాఫ్ అంటే సగమే కదా అని ఊరుకున్నాను. దేంట్లో సగం అని భోజనాల దగ్గర అడిగాను. చెప్పింది. ఇరవై ఒక్క కిలోమీటర్లట. పెరుగు వడ్డిస్తున్న మా ఆవిడ నా మొహం చూసి, ఒక్క గరిటెతో ఆపేసింది.

మామగారు మాత్రం తలెత్తి, టైమ్‌టేబుల్ వేస్తానన్నారు.

జూలై 14, ఆదివారం

మా అపార్ట్‌మెంట్ కింద కార్ల ర్యాంపు ఉంది. దాని మీద కప్పగంతులు వేస్తూ పైకి వెళ్ళాలి, రెండు చేతుల్లో ఇసుక సంచులతో. ఎందుకని అడిగితే, కాళ్ళలో పేలుడు రావాలండీ అన్నారు. మూడో అంతస్తు ఆయన కారు తీయడానికి వచ్చి, నేను ఒక్కో గంతూ వేసి పైకి చేరేదాకా ఇంజిన్ ఆపి కూర్చున్నాడు. వెళ్తూ అద్దం దించి, ఏదైనా మొక్కా అని అడిగాడు.

జూలై 21

పేలుడు వచ్చింది. ఎడమ పిక్కలో.

జూలై 23, మంగళవారం

ఫిజియో దగ్గరికి వెళ్ళాం. చిన్న వయసు అమ్మాయి, కానీ వేళ్ళు ఇనుప పట్టకార్లు. కండరం కాస్త చిట్లిందంది. దూరం పరిగెత్తేవాళ్ళు కప్పగంతులు ఎందుకు వేశారని అడిగింది. మా కోచ్ చెప్పారన్నాను. మీ కోచ్ ఏ ఆటలో కోచ్ అంది. నేను మా ఆవిడకేసి చూశాను. ఆవిడ గోడ మీద అస్థిపంజరం బొమ్మకేసి చూసింది.

ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. మామగారిది షాట్‌పుట్. ఇనుప గుండు విసరడంలో మంచి పేరు. పరుగంటే ఆయనకి తెలిసింది గుండు విసిరే ముందు వేసే రెండడుగులే. మరి ఆయన్ని నా మీదికి ఎందుకు తోలావని అడిగాను.  ఆవిడ అంది:

"మిమ్మల్ని బాగుచేయమని కాదండీ. పొద్దున్నే లేవడానికి ఆయనకేదో ఒక పని ఉండాలి కదా. మీరొక్కరే దొరికారు."

కోపం తెచ్చుకుందామని చూశాను. పిక్క నొప్పిలో కుదరలేదు.

జూలై 24

ఫిజియో అన్న మాట మామగారికి అమ్మాయి నోటి వెంట చేరిపోయింది. భోజనానికి రాలేదు. ఆకలి లేదట.

జూలై 28

ఇవాళా రాలేదు. మా ఆవిడ క్యారేజీ తీసుకెళ్ళి, నిన్నటిది సగం నిండుగా వెనక్కి తెచ్చింది. ఆయన మళ్ళీ కుర్చీలోనే ఉన్నారట.

ఆగస్టు 4, ఆదివారం

కుంటుకుంటూ నేనే వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. టీవీలో ఎవరో నోరు తెరిచి పాడుతున్నారు, సౌండు లేదు. నన్ను చూసి ఆయన లేచి నిలబడబోయారు. అల్లుణ్ణి కదా. కూర్చోమన్నాను. కాసేపు నా పిక్కకేసి చూశారు.

"మాది విసిరే విద్యండీ," అన్నారు. "గుండు విసిరి, ఎంత దూరం పడిందో చూడటం. దాని వెనకాల పరిగెత్తే పని మాకెప్పుడూ లేదు. మిమ్మల్నీ అలాగే విసిరి చూశాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అత్తగారు రోజూ పొద్దున నడకకి రమ్మని పిలిచేవారట. డ్రిల్లు మాస్టారికి నడకేమిటని ఈయన దుప్పటి కప్పుకునేవారట. ఇప్పుడు సరిగ్గా ఆ వేళకి మెలకువ వచ్చేస్తోందండీ, పిలిచే మనిషి లేదు అన్నారు.

నాకు వచ్చింది వార్తలు చదవడమే.  అందుకని ఫిజియో చెప్పింది వార్తలాగే చెప్పాను. కొన్నాళ్ళు నెమ్మదిగా నడవాలి, ఒక్కణ్ణే అయితే సందు మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతాను, మీరు రావాలి. వచ్చి గేటు దగ్గర నిలబడతానన్నారు. నిలబడటానికి కాదు, నడవడానికి అన్నాను. షూ లేవన్నారు. ఇరవై ఏళ్ళుగా నాకు ఈ ఇంట్లో మర్యాదలు చేస్తున్నారు కదా, ఒక్కసారి నా మాట వినండి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. బులెటిన్ గొంతు వచ్చేసింది.

ఆయన రిమోట్ తీసి టీవీ ఆపారు.

ఆగస్టు 6

నడిచాం. పిక్క చిట్లిన నేనే ముందున్నాను.

ఆగస్టు 25, ఆదివారం

ఫిజియో పరుగుకి ఒప్పుకుంది, ఒక షరతు మీద. పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత మెల్లగానే పరిగెత్తాలి. మాట ఆగితే కాళ్ళు ఆపాలి. మామగారూ నేనూ ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా మాట్లాడుకున్నామా అని ఆలోచిస్తే, బాగున్నారా, బాగున్నాం, కూర్చోండి, పరవాలేదు. ఈ నాలుగు మాటలూ గేటు దాటేలోపు అయిపోయాయి. ఏం మాట్లాడాలో తెలియక నిన్న రాత్రి బులెటిన్ మొదటినుంచీ అప్పజెప్పడం మొదలుపెట్టాను.

మొదటి వార్త దాకా వచ్చాం. రెండో వార్తకి ఆగిపోయాం.

సెప్టెంబర్ 8

విదేశీ వార్తల దాకా వస్తున్నాం. మామగారు వింటూ ఊరుకోరు. ప్రతి వార్తకీ ఒక అభిప్రాయం. మంత్రులందరి చేతా కప్పగంతులు వేయించాలంటారు. వాదించడానికి ఆయనకీ ఊపిరి కావాలి కాబట్టి ఆయన పరుగు కూడా కుదుటపడింది. మాకు ఎదురుగా రోజూ వచ్చే ముసలాయన ఒకరు ఇవాళ ఆగి, ఇవన్నీ నిన్నటి వార్తలు, తాజావి లేవా అని అడిగారు.

సెప్టెంబర్ 15

కుక్క తరిమింది. మామగారు వెనకనుంచి "ఒరేయ్, ఆగకు!" అని అరిచారు. అరిచింది కుక్కనా నన్నా అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. కుక్క ఆగిందని మాత్రం రాసిపెడుతున్నాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

మామగారి పేరు కూడా పోటీకి ఇవ్వమని అమ్మాయికి చెప్పాను. ఆయనకి చెప్పకుండా. సాయంత్రం ఆయనకి మెసేజ్ వెళ్ళిపోయింది. ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చి, ఇందులో నన్ను వెటరన్ అంటున్నారు, అంటే ఏమిటని అడిగారు. అనుభవజ్ఞులు అని చెప్పింది మనవరాలు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంకో ముద్ద అన్నం పెట్టమన్నారు.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. అన్నం గిన్నె టేబుల్ మీదే ఉంది.

అక్టోబర్ 13

కుండపోత. ఊరంతా నీళ్ళు. మధ్యాహ్నం చదవాల్సినాయన ఇంట్లోంచి కదల్లేకపోయాడు, సాయంత్రం చదవాల్సినావిడ బస్సులో ఇరుక్కుపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతి ప్రత్యేక బులెటిన్ నేనే. ఏ రోడ్డు మూసేశారు, ఏ బడిలో తలదాచుకోవచ్చు, ఎవరికి ఫోన్ చేయాలి. ఎక్కడా గొంతు తడబడలేదు. మెల్లగా, మామగారి పక్కన పరిగెత్తుతున్నట్టే చదివాను.

డైరెక్టర్ వచ్చి నా భుజం తట్టారు. ఒక్క ఫిర్యాదే వచ్చిందట. ఈసారి మరీ ప్రశాంతంగా చదివానని, వింటూ కునుకు తీసేసరికి నీళ్ళు గుమ్మం దాటాయని.

నవంబర్ 9, శనివారం

రేపే.  మామగారు మధ్యాహ్నమే వచ్చేశారు. పొద్దున్న వేసుకోవాల్సిన బట్టలు ఇప్పుడే వేసుకుని కూర్చున్నారు. నలుగుతాయని మా ఆవిడ అంటే, నలిగినా పరవాలేదు, ఆలస్యం కాకూడదంటున్నారు.

నవంబర్ 10, ఆదివారం. మధ్యాహ్నం

పడుకుని రాస్తున్నాను. కూర్చోవడం కుదరదు.

మెల్లగా మొదలుపెట్టాలని ఇద్దరం అనుకున్నాం. విజిల్ పడగానే జనంతో పాటు నేను కొట్టుకుపోయాను. పిల్లాణ్ణి బండిలో పెట్టి తోసుకుంటూ ఒకాయన నన్ను దాటాడు. అది చూసి నాకు పౌరుషం వచ్చింది. ఆయన్ని దాటాను. మళ్ళీ ఆయన దాటాడు. బండిలో పిల్లాడు నిద్రపోతున్నాడు. వెనక్కి చూస్తే మామగారు ఎక్కడా లేరు.

పెద్ద వంతెన దిగాక కాళ్ళు పని మానేశాయి. నొప్పి కాదు. ఎవరో స్విచ్ ఆపేసినట్టు. రోడ్డు అంచున కూర్చున్నాను. నా వెనక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, మామగారు తప్ప. వీధి ఊడ్చేవాళ్ళు కాగితం గ్లాసులు ఊడ్చుకుంటూ నాదాకా వచ్చి, నా చుట్టూ ఊడ్చి వెళ్ళారు. ప్రకటనల సెక్షన్ గుర్తుకొచ్చింది. పురుగుమందుల గురించి చదవడం అంత చెడ్డ పనేం కాదనిపించింది. ఇంటికి వెళ్ళాక అమ్మాయికి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

అప్పుడు వచ్చింది వ్యాను. వెనకబడినవాళ్ళని ఎక్కించుకునే వ్యాను. డ్రైవర్ మంచి మనిషి. రండి సార్, లోపల ఏసీ ఉంది, అరటిపండ్లున్నాయి అన్నాడు. నేను తలుపు పట్టుకుని లేచాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే వెనకనుంచి మామగారు వచ్చారు. అదే అడుగు, అదే వేగం, చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. వచ్చి ఆగారు. ఆయన చూపు నా మీద లేదు. వ్యాను మీద ఉంది.

"ఎక్కండి అల్లుడుగారూ. అసలే మీ పిక్క సంగతి."

"అబ్బే, పెద్దవారు. ముందు మీరెక్కండి."

"నాకేమిటండీ, నేను బాగానే ఉన్నాను. మీరెక్కితే తోడుగా కావాలంటే వస్తాను."

"నేనూ మీకు తోడుగానే అనుకున్నాను మామయ్యగారూ. ముందు మీరు."

"ఎంతమాట. మీరుండగా నేను ముందెక్కడమా?"

డ్రైవర్ ఒకసారి నాకేసి, ఒకసారి ఆయనకేసి చూశాడు. ఇంతకీ మీలో అలసిపోయింది ఎవరు సార్ అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం. అతను ఇంకొంచెంసేపు ఓపిక పట్టి, మెల్లగా నా చేతిని తలుపు మీదినుంచి తీసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

వ్యాను మలుపు తిరిగేదాకా ఇద్దరం అలాగే చూస్తూ నిలబడ్డాం.

"ఏసీ ఉందన్నాడా?" అన్నారు మామగారు.

"అరటిపండ్లు కూడా."

ఇంక చేసేదేముంది. నడిచాం. కాసేపయ్యాక ఆ నడకే పరుగులాంటిదయింది. ఏవైనా వార్తలు చెప్పమన్నారు. నా బుర్రలో ఒక్క వార్త కూడా లేదని చెప్పాను. అయితే నేను చెబుతాను అన్నారు. అత్తగారు ఈ వంతెన మొదలుదాకా రోజూ నడిచి వెనక్కి వచ్చేవారట. దాని మీదికి ఎక్కాలంటే ఆయాసమట. వంతెన దిగాక ఏముందో ఒకసారి చూసి వచ్చి నాకు చెప్పండి అని ఈయన్ని అడిగారట. ఈయన వెళ్ళలేదు. ఇవాళ దిగుతూ అటూ ఇటూ చూస్తూ వచ్చారట. అందుకే ఆలస్యమైందట.

"ఏముంది?" అన్నాను.

"ప్లైవుడ్ షాపు ఉందండీ."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే డొక్కలు పట్టేశాయి. మళ్ళీ నడిచాం. ఆయన ఇంకోవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. చెమటై ఉంటుంది. నేనూ తుడుచుకున్నాను. నాదీ అదే.

మేము చేరేసరికి మైకులు విప్పేస్తున్నారు. ఫినిష్ దగ్గర గాలి నింపి నిలబెట్టే పెద్ద ఆర్చి ఉంటుంది. దాని గాలి తీసేశారు. తడి దుప్పటిలా నేల మీద పడి ఉంది. దాన్ని చుట్టబోతున్నవాళ్ళతో మా ఆవిడ తగువు పెట్టుకుని ఉంది, మా మనుషులిద్దరు ఇంకా రావాలని. మమ్మల్ని చూడగానే తను ఒక కొస, అమ్మాయి ఇంకో కొస పట్టుకుని తలల మీదికి ఎత్తారు. ఇద్దరికీ సరిపడా ఎత్తు లేదు. మామగారు ఆగి, చేయి చాపి, ముందు మీరు అన్నారు. నేను ఆయన చేయి పట్టుకుని లాగాను. ఇద్దరం వంగి ఒకేసారి దూరాం.

మామగారికి అరవై అయిదు దాటినవాళ్ళలో మూడో స్థానం. పరిగెత్తింది ముగ్గురే. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదని మా ఆవిడ ఆర్డరు. ఆవిడ నేల మీద కూర్చుని వాళ్ళ నాన్న షూ లేసులు విప్పింది. చాలాసేపు విప్పింది.

నవంబర్ 11

మెట్లు దిగడం రావట్లేదు. వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, పాకుడు రాయి మీద దిగినట్టు దిగాను. పక్క వీధి మేడ మెట్ల మీద మామగారు కూడా అలాగే దిగుతున్నారు. ఎదురెదురుగా కనబడ్డాం. ఎవరికి వాళ్ళం చూడనట్టు ఊరుకున్నాం.

నవంబర్ 14, గురువారం

లైవ్‌లోనే ఉంచుతున్నట్టు కాగితం ఇచ్చారు. మామగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, సంతోషం, కానీ తమరు వంతెన ఎక్కేటప్పుడు ఇంకా భుజాలు బిగిస్తున్నారు అన్నారు.

నవంబర్ 20. ఉదయం 5.50

తుంపర. మామగారు ఇవాళ తలుపు కొట్టలేదు. ఫోన్ ఎత్తలేదు. భయమేసి బాల్కనీలోకి వెళ్ళి చూశాను. రోడ్డు చివర పరిగెత్తుతున్నారు. పక్కన ఆ ఎదురొచ్చే ముసలాయన. ఇద్దరూ చేతులు ఊపుతూ ఏదో వాదించుకుంటున్నారు. నన్ను పిలవలేదు. పెళ్ళినాడు కూడా అలగనివాణ్ణి, ఇవాళ అలిగాను. షూ ఒకటే కనబడుతోంది. ఒక్కదానితోనే దిగుతున్నాను, వాళ్ళు మలుపు తిరిగేలోపు.